యెజ్డీ 250కి 6 వోల్టుల బ్యాటరీ ఎంపిక: విజయనగరంలో ఒక కేసు, కొలతలతో సహా

బండి యెజ్డీ 250, 1970ల చివరిది. ఓనరు నెల్లిమర్ల వైపు రైతు. తెల్లవారకముందే కూరగాయల మూట కట్టుకుని లైటు వేసుకుని విజయనగరం మార్కెట్‌కి వస్తారు, ఎండెక్కాక తిరిగి వెళ్తారు. ఫిర్యాదు ఆయన మాటల్లోనే: "కొత్త బ్యాటరీ ఏసి మూణ్ణెల్లు కానేదు తమ్ముడూ. లైటేసి హారను కొడితే బండి ఆగిపోతంది." దానికి ముందు వేసినదీ అలాగే పోయింది. బ్యాటరీ అమ్మిన చోట ఈసారి ఇంకో కంపెనీది వేసుకోమన్నారట.

కంపెనీ మార్చినంత మాత్రాన ఈ ఫిర్యాదు తీరదు. మైసూరు ఐడియల్ జావాలో తయారైన ఈ తరం బండ్లలో బ్యాటరీ ఒక్కటే విడిగా ఉండే సామాను కాదు. క్రాంకు మీద తిరిగే డైనమో, దాన్ని అదుపులో పెట్టే కటౌట్, నిప్పురవ్వ పుట్టించే కాయిల్, దానికి కరెంటు కలిపి విడదీసే పాయింట్లు అన్నీ దాని మీదే ఆధారపడి నడుస్తాయి. నిప్పురవ్వకి కావలసిన కరెంటు తనే పుట్టించుకునే మాగ్నెటో బండికైతే బ్యాటరీ చచ్చినా కిక్కు కొడితే ఇంజను అందుకుంటుంది. యెజ్డీ అలా అందుకోదు, కాయిల్‌కి కరెంటు బ్యాటరీ నుంచే రావాలి. అందుకే దీనికి బ్యాటరీ ఎంచేముందు బండిని కొలవాలి.

పెట్టెలో దొరికినది

బ్యాటరీ పెట్టె తెరిస్తే కనిపించింది 6 వోల్టులు, 4.5 ఏహెచ్ (ఆంపియర్ అవర్) సీల్డ్ బ్యాటరీ. తూకం మిషన్లలో, ఎమర్జెన్సీ లైట్లలో వాడే రకం. 70 × 47 మిల్లీమీటర్ల అడుగు, సుమారు 10 సెంటీమీటర్ల ఎత్తు. పెట్టెలో వదులుగా ఉందని చుట్టూ ట్యూబు ముక్కలు కుక్కారు. పక్కలు రెండూ ఉబ్బి ఉన్నాయి. సన్నటి రేకు టెర్మినళ్లకు తగిలించిన క్లిప్పుల్లో ఒకటి వేడికి నల్లబడింది.

ఈ రకం బ్యాటరీ దొరకడం తేలిక, ధర తక్కువ, ఊళ్లో ఏ ఎలక్ట్రికల్ షాపులోనైనా ఉంటుంది. పాత 6 వోల్టుల బండ్లలో ఇది ఎక్కువగా కనిపించడానికి కారణం అదే. కానీ దీని మీద రాసిన 4.5 ఏహెచ్ అనే అంకె, 20 గంటలపాటు నిదానంగా కొద్దికొద్దిగా తీసుకుంటే వచ్చే లెక్క. 6 ఆంపియర్లు ఒక్కసారిగా లాగితే అందులో సగానికి కాస్త పైన మాత్రమే చేతికొస్తుంది. చార్జింగ్‌కీ హద్దుంది: ఈ సైజు దానికి సాధారణంగా సుమారు 1.35 ఆంపియర్లకు మించి ఎక్కించకూడదు. ఖాళీ అయిన బ్యాటరీ దొరికితే యెజ్డీ డైనమో 4, 5 ఆంపియర్లు నెట్టేస్తుంది.

బ్యాటరీ బయటికి తీయకముందే చేసిన పరీక్షలు

ఇగ్నిషన్ తాళం ఆపి, ఏ లోడూ లేకుండా మల్టీమీటర్ పెడితే 6.25 వోల్టులు. ఇక్కడే చాలామంది మోసపోతారు. అంకె చూస్తే బాగానే ఉంది. హెడ్‌లైట్ వేసి అర నిమిషం ఆగి చూస్తే 5.1కి పడింది. పుష్టిగా ఉన్న 12 ఏహెచ్ నీళ్ల బ్యాటరీ (మూతలు తీసి నీళ్లు పోసుకునే రకం) అదే లోడుకి 0.2, 0.3 వోల్టులకు మించి జారదు. లోడు లేనప్పటి వోల్టేజీ చార్జి ఎంతుందో చెబుతుంది గానీ ప్లేట్ల సత్తా చెప్పదు. హారన్ మరో 5 ఆంపియర్లు లాగగానే కాయిల్‌కి చేరేది 4.5 వోల్టుల దగ్గరికి వస్తుంది. నిప్పురవ్వ పలచబడి ఇంజను ఆగుతుంది. ఫిర్యాదుకి తక్షణ కారణం ఇది. బ్యాటరీ ఆ స్థితికి ఎందుకొచ్చిందన్నది వేరే ప్రశ్న.

ఈ పరీక్ష చేసేటప్పుడు ఒక జాగ్రత్త. ఇంజను ఆగి ఉండగా ఇగ్నిషన్ తాళం ఆన్‌లో ఉంచితే, పాయింట్లు కలిసి ఉన్న చోట కాయిల్ గుండా 3, 4 ఆంపియర్లు ఆగకుండా పారుతూనే ఉంటాయి. కాయిల్ కాలిపోతుంది. పాయింట్ల మధ్య అట్టముక్క పెట్టి పని చేసుకోవాలి.

తరువాత ఇంజను స్టార్టు చేసి పది నిమిషాలు వేడెక్కనిచ్చి, లైట్లు ఆపి, మధ్యస్థ వేగంలో బ్యాటరీ టెర్మినళ్ల మీద చూస్తే 7.9 వోల్టులు. 6 వోల్టుల బ్యాటరీలో మూడు సెల్లు, అంటే సెల్‌కి 2.63. నీళ్ల బ్యాటరీకే ఇది ఎక్కువ, సీల్డ్ దానికి మరీ ఎక్కువ. 7.2 దాటాక లోపలి నీరు విడిపోయి గ్యాసు అవుతుంది. నీళ్ల బ్యాటరీలో ఆ నీరు మళ్లీ పోసుకోవచ్చు. సీల్డ్ బ్యాటరీలో పోసే దారి లేదు. లోపల ఎండిపోతుంది, వేడెక్కుతుంది, ఉబ్బుతుంది.

అదే వేగంలో హెడ్‌లైట్ వేస్తే 7.9 కాస్తా 6.0కి దిగింది, హెడ్‌లైట్ డోము మీది ఎర్ర చార్జింగ్ దీపం మిణుకుమంది. అంటే పగలు అతిగా ఎక్కుతోంది, రాత్రి అసలు ఎక్కట్లేదు. ఓనరు రాకపోకలు చీకట్లో ఒక వైపు, ఎండలో ఒక వైపు. తెల్లవారుజామున ఖాళీ అవుతున్న బ్యాటరీని, తిరుగు ప్రయాణంలో డైనమో ఉడకబెడుతోంది. రెండు బ్యాటరీలూ ఇలాగే పోయాయి.

వాట్ల లెక్క

జావా కాలం నుంచి వస్తున్న ఈ డైనమో 45 వాట్లది. 6 వోల్టుల దగ్గర 7.5 ఆంపియర్లు, అదీ ఇంజను బాగా తిరుగుతున్నప్పుడు. ఐడిల్‌లో దాదాపు ఏమీ రాదు.

బండిలో ఉన్న హెడ్‌లైట్ బల్బు 35/35 వాట్లది. టెయిల్ 5 వాట్లు, స్పీడోమీటర్ దీపం 1.5. మొత్తం 41.5 వాట్లు, అంటే 6.9 ఆంపియర్లు. ఇగ్నిషన్ సగటున 2 ఆంపియర్లు తీసుకుంటుంది. ఖర్చు 8.9, రాబడి 7.5. బండి మంచి వేగంలో ఉన్నా గంటకి 1.4 ఏహెచ్ బ్యాటరీ నుంచే పోతుంది. బ్రేకు లైటు, హారన్ ఇందులో కలపలేదు.

పట్నంలో పరిస్థితి ఇంకా కష్టం. గంటస్తంభం చుట్టుపక్కల బండ్ల మధ్య లైటు వేసుకుని పది నిమిషాలు నత్తనడక నడిస్తే దాదాపు 1.5 ఏహెచ్ ఖర్చు. 12 ఏహెచ్ బ్యాటరీకి అది ఎనిమిదో వంతు. 4.5 ఏహెచ్ సీల్డ్ దాని నుంచి ఆ వేగంతో లాగితే నిజంగా వచ్చేదే రెండున్నర ఏహెచ్ కాబట్టి, సగం పైన ఖాళీ.

కాబట్టి ఎంత పెద్ద బ్యాటరీ పెట్టినా ఖర్చు రాబడిని మించితే అది కొన్నాళ్లు ఆలస్యంగా ఖాళీ అవుతుంది, అంతే. ముందు ఖర్చు తగ్గించాలి.

వైరింగులో పోతున్నది

బ్యాటరీ నెగటివ్ టెర్మినల్‌కీ ఇంజను కేసింగ్‌కీ మధ్య మీటరు పెట్టి, లైటు, హారన్ కలిపి వేస్తే 0.45 వోల్టు చూపింది. సున్నాకి దగ్గరగా ఉండాల్సిన చోటు. 12 వోల్టుల బండిలో ఇంత పోయినా ఎవరికీ తెలియదు. 6 వోల్టుల బండిలో ఇది ఏడున్నర శాతం. బల్బు వెలుగు వోల్టేజీ తగ్గిన దానికంటే చాలా వేగంగా తగ్గుతుంది. 6 వోల్టులకు బదులు 5.5 అందితే వెలుగులో నాలుగో వంతు పోతుంది. వెలుగు చాలట్లేదని ఓనర్లు పెద్ద వాట్ల బల్బు వేయించడం, దాంతో బ్యాటరీ ఇంకా దిగడం, మళ్లీ వెలుగు తగ్గడం ఇక్కడి నుంచే మొదలవుతుంది. ఈ బండికి 35 వాట్ల బల్బు వచ్చిన దారి కూడా అదే.

ఎర్త్ తీగ ఫ్రేముకి బిగించిన చోట రంగు కింద తుప్పు. రంగు, తుప్పు గీకేసి, లోహం మెరిసేదాకా రుద్ది, 4 చదరపు మిల్లీమీటర్ల కొత్త తీగతో బ్యాటరీ నుంచి ఫ్రేముకి, ఫ్రేము నుంచి ఇంజనుకి రెండు ఎర్త్‌లు వేశాం. బిగించాక పైన వాజిలిన్ పూత. ఇప్పుడు అదే కొలత 0.05.

తాళం తీసేసిన బండిలో బ్యాటరీకి వరసలో మిల్లీ ఆంపియర్ మీటరు పెడితే 40 మిల్లీ ఆంపియర్లు కారుతున్నాయి. రోజుకి దాదాపు 1 ఏహెచ్. ఐదు రోజులు బండి తీయకపోతే చిన్న బ్యాటరీ పూర్తిగా ఖాళీ. కారణం వెతికితే తాళం దిమ్మ లోపలి బేకలైట్ పలక. ఏళ్ల తరబడి మసి, చెమ్మ కలిసి కాంటాక్టుల మధ్య నల్లటి గీతగా పేరుకున్నాయి. మన కోస్తా గాలిలోని తేమకి ఇది మామూలే, వానాకాలంలో ఇంకా ఎక్కువ కారుతుంది. పెట్రోలుతో కడిగి, సన్నటి ఎమెరీ కాగితంతో గీత పోయేదాకా రుద్ది, బాగా ఆరనిచ్చి బిగించాక మీటరు సున్నాకి వచ్చింది. కారుతున్నది ఏ సర్క్యూటులోనో తెలియనప్పుడు తీగలు ఒక్కొక్కటి విప్పుకుంటూ మీటరు చూడాలి. ఏ తీగ విప్పితే అంకె పడిపోయిందో దాని వెంట వెళ్లాలి.

కటౌట్, డైనమో

మూత తీస్తే కటౌట్ పాయింట్లు గుంటలు పడి ఉన్నాయి. ఇంతకుముందు ఎవరో స్ప్రింగు బిగించేశారు. చార్జింగ్ చాలట్లేదని స్ప్రింగు బిగించడం మన దగ్గర పాత అలవాటు. దాంతో పగటి వోల్టేజీ పెరుగుతుంది తప్ప రాత్రి లోటు తీరదు, ఎందుకంటే 45 వాట్ల డైనమో 45 వాట్లే ఇస్తుంది.

పాయింట్లను 400 నంబరు కాగితంతో చదును చేసి, పెట్రోలులో ముంచిన గుడ్డతో తుడిచాం. డైనమో వైపు ఒక కార్బన్ బ్రష్ గూడులో ఇరుక్కుని, కరెంటు అందుకోవాల్సిన రాగి రేకుల చుట్టుని (కమ్యూటేటర్) సరిగా తాకట్లేదు. గూడు శుభ్రం చేసి, రెండు బ్రష్‌లూ మార్చి, కమ్యూటేటర్ మీది రేకుల మధ్య మైకాని అర మిల్లీమీటరు లోతుకు గీసి, దుమ్ము ఊదేశాం. ఆ తరువాతే స్ప్రింగు సర్దుబాటు. చార్జి నిండిన బ్యాటరీ కలిపి, ఇంజను వేడెక్కాక, లైట్లు ఆపి, మధ్యస్థ వేగంలో 7.2 వచ్చేలా. ప్రతి సర్దుబాటు తరువాత మూత పెట్టి మళ్లీ చూడాలి. మూత తీసి చూసిన అంకె, పెట్టాక నిలవదు. చల్లటి ఇంజను మీద చేసిన సర్దుబాటు కూడా నిలవదు.

హెడ్‌లైట్‌కి 25/25 బల్బు, టెయిల్‌కీ బ్రేకుకీ 6 వోల్టుల ఎల్‌ఈడీ. ఎల్‌ఈడీ కొనేటప్పుడు ఎర్త్ పాజిటివా నెగటివా చూసుకోవాలి. కొన్ని రకాలు తిరగేస్తే వెలగవు. ఈ బండి నెగటివ్ ఎర్త్. ఇప్పుడు లైట్ల ఖర్చు 27.5 వాట్లు, 4.6 ఆంపియర్లు. ఇగ్నిషన్‌తో కలిపి 6.6. చీకట్లో నడుస్తూ కూడా 0.9 ఆంపియర్ బ్యాటరీకి మిగులుతుంది. ఎర్త్ సరిచేశాక ఈ 25 వాట్ల వెలుగు, మునుపటి 35 కంటే తక్కువగా ఏమీ లేదని ఓనరే అన్నారు.

ఏ బ్యాటరీ

ఇప్పుడు ఎంపికకి వచ్చాం. మూడు దారులు చూశాం.

మొదటిది 6 వోల్టులు, 12 ఏహెచ్ సీల్డ్. అంటే మునుపటి రకమే, పెద్ద సైజు. ఇది 151 × 50 మిల్లీమీటర్ల అడుగుతో వస్తుంది. ఈ బండి పెట్టె లోపలి పొడవు 128, అడ్డంగా పట్టదు. నిలువుగా పెడదామంటే పై మూత పడదు. కొలత కుదిరినా పాత కటౌట్‌తో దీన్ని మేం వేయం. చేత్తో సర్దిన కటౌట్ ఎండాకాలం ఒకలా, చలికాలం ఒకలా పనిచేస్తుంది. ఆ హెచ్చుతగ్గులు సీల్డ్ బ్యాటరీ తట్టుకోదు. కటౌట్ పెట్టెలో 7.2 దగ్గర నిలకడగా ఆపే ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్ అమర్చినవాళ్లు సీల్డ్ వేసుకోవచ్చు, నీళ్ల గొడవ తప్పుతుంది.

రెండోది లిథియం ఐరన్ ఫాస్ఫేట్, రెండు సెల్లు కలిపి 6.4 వోల్టులు. తేలిక, లోడుకి జారదు. కానీ హద్దు దాటితే లోపలి రక్షణ సర్క్యూటు ఒక్కసారిగా బ్యాటరీని విడదీస్తుంది. అప్పుడు డైనమో వోల్టేజీని పట్టి ఉంచేది ఏదీ ఉండదు, బల్బులు ఎగిరిపోతాయి. ఇంజను కూడా ఆ క్షణంలో తడబడొచ్చు. పాయింట్ల కటౌట్ ఉన్న బండికి ఇది తగదు.

మూడోది నీళ్ల బ్యాటరీ, మూడు మూతలది. ఈ బండికి మేం వేసింది ఇదే. కటౌట్ కాస్త ఎక్కువ ఇచ్చిన రోజున నీరు తగ్గుతుంది తప్ప బ్యాటరీ చావదు. ప్రతి సెల్‌ని, యాసిడ్ సాంద్రత కొలిచే హైడ్రోమీటర్‌తో విడిగా చూడొచ్చు కాబట్టి జబ్బు ముందే తెలుస్తుంది. డైనమో తోసినంత కరెంటు తీసుకోగలదు. 12 వోల్టులకు మార్చేద్దామన్న మాట కూడా వచ్చింది. కాయిల్, హారన్, బల్బులు, రెగ్యులేటర్ అన్నీ మార్చాలి, పాత డైనమో తక్కువ వేగంలో 12 అందుకోదు. ఈ ఓనరు తిరిగే తిరుగుడికి ఆ ఖర్చు అనవసరం.

కొనేముందు అట్టముక్క కత్తిరించి పెట్టె లోపలి కొలత తీశాం: పొడవు 128, వెడల్పు 72, మూత కింద ఎత్తు 150. అడుగున, పక్కన 3 మిల్లీమీటర్ల రబ్బరుకి చోటు వదలాలి. ఇది తగ్గితే కుదుపులకి ప్లేట్ల మందు రాలి అడుగున చేరి, సెల్ షార్ట్ అవుతుంది. పాజిటివ్ టెర్మినల్ ఏ వైపు ఉందో, వెంట్ పైపు ముక్కు ఏ వైపు వస్తుందో కూడా అట్ట మీదే గుర్తు పెట్టుకోవాలి. తిరగేసి పెడితే తీగ చాలక లాగి బిగిస్తారు, టెర్మినల్ పెట్టె రేకుకి తగులుతుంది.

విజయనగరంలో చాలా షాపుల్లో ఉండేవి 12 వోల్టులవే. 6 వోల్టుల నీళ్ల బ్యాటరీ విశాఖ నుంచి తెప్పించాల్సి వచ్చింది. దొరికింది 11 ఏహెచ్. అడుగు 120 × 60, ఎత్తు 130 దగ్గర. 12 ఏహెచ్ కోసం పట్టుబట్టి సైజు కుదరనిది కొనడం కంటే, కుదిరే 11 ఏహెచ్ మేలు. యాసిడ్ పోయకుండా సీలుతో ఉన్నదే అడగాలి. షాపులో నింపి, చార్జింగ్ లేకుండా నెలల తరబడి అరలో కూర్చున్నది కొనకూడదు. దాని ప్లేట్ల మీద తెల్లటి సల్ఫేటు గట్టిపడి ఉంటుంది, ఎంత చార్జి చేసినా పూర్తి సత్తా రాదు. తయారీ నెల చూడండి.

నింపడం, ఎక్కించడం

యాసిడ్ కలిపి ఉన్నదే కొని, బ్యాటరీ మీద రాసిన సాంద్రతకి సరిపోయేది పోయాలి. మనలాంటి వేడి ప్రాంతాలకు 1.240 నుంచి 1.250 వాడతారు. కళ్లద్దాలు, గ్లవ్స్ వేసుకుని, పక్కన వంటసోడా కలిపిన నీళ్లు పెట్టుకోవాలి. వెంట్ సీలు ముందే తీయాలి. అది మరిచి చార్జింగ్ పెడితే బ్యాటరీ పగులుతుంది. ప్రతి సెల్‌లో రెండు గీతల మధ్యకి పోసి అరగంట వదిలేస్తే ప్లేట్లు పీల్చుకుని మట్టం దిగుతుంది, మళ్లీ యాసిడ్‌తోనే సర్దాలి. ఆ తరువాత జీవితాంతం డిస్టిల్డ్ వాటరే, యాసిడ్ మళ్లీ పోయకూడదు.

మొదటి చార్జి ఏహెచ్‌లో పదోవంతు, ఇక్కడ 1.1 ఆంపియర్. 6 వోల్టుల చార్జర్‌తోనే. 12 వోల్టుల చార్జర్‌కి వరసలో బల్బు పెట్టి ఎక్కించడం చాలాచోట్ల చేస్తారు. చివర్లో వోల్టేజీని ఆపేది ఏదీ లేక బ్యాటరీ ఉడుకుతుంది. మూడు సెల్లలోనూ బుడగలు సమానంగా వచ్చేదాకా ఉంచాం. ఆపి, కొన్ని గంటలు వదిలి చూస్తే మూడింటిలోనూ 1.245 దగ్గర, వోల్టేజీ 6.35. సెల్‌కీ సెల్‌కీ తేడా 0.03 దాటితే ఆ బ్యాటరీ బండికి పెట్టకుండా షాపుకి తిరిగి ఇచ్చేయాలి.

బండిలో పెట్టాక వెంట్ పైపు మడత పడకుండా కిందికి దింపి, చైనుకీ సైలెన్సర్‌కీ దూరంగా వదిలాం. పాజిటివ్ తీగ 2.5 చదరపు మిల్లీమీటర్లది, దానికి బ్యాటరీ దగ్గరే 20 ఆంపియర్ల ఫ్యూజు. తీగలు బిగించేటప్పుడు ఎర్త్ చివరన, విప్పేటప్పుడు ఎర్త్ ముందు. స్పానర్ ఫ్రేముకి తగిలినా షార్ట్ అవదు.

బిగించాక కొలతలు: లోడు లేకుండా 6.35, హెడ్‌లైట్‌తో 6.1, హారన్ కూడా కొడితే 5.9. నడుస్తూ పగలు 7.2, హెడ్‌లైట్‌తో 6.65. ఎర్ర దీపం ఐడిల్‌లో వెలుగుతుంది, కొంచెం యాక్సిలరేటర్ ఇవ్వగానే ఆరిపోతుంది.

వానాకాలం వెళ్లాక మళ్లీ చూసినప్పుడు మూడు సెల్లలో సాంద్రత 1.235, 1.240, 1.240. నీటి మట్టం మూడింటిలోనూ ఒకేలా కొద్దిగా దిగింది. ఇలా సమానంగానే, కానీ బాగా దిగితే కటౌట్ సంగతి చూడాలి. ఒక్క సెల్ మాత్రమే ఎక్కువ తాగుతుంటే ఆ సెల్ పాడవుతున్నట్టు. ఎండాకాలంలో పదిహేను రోజులకోసారి మూతలు తీసి చూడమని చెప్పాం. ఆర్వో నీళ్లు, బోరు నీళ్లు వద్దు. బండి నెల రోజులు కదలకపోతే ఎర్త్ తీగ విప్పి, ఒకసారి 1.1 ఆంపియర్‌లో చార్జి పెట్టాలి.

చివర్లో ఓనరు ఫోను చార్జింగ్ పాయింటు కూడా పెట్టమన్నారు. 5 వోల్టుల దగ్గర 2 ఆంపియర్ల పాయింటు బ్యాటరీ నుంచి నష్టాలతో కలిపి దాదాపు 2 ఆంపియర్లు లాగుతుంది. చీకట్లో మిగిలేది 0.9. పెట్టలేదు.